ఒకే లైన్ మీద రెండు మోడల్ రైళ్లు: ముందు బండిని బట్టి వెనక బండి తానే నెమ్మదించాలంటే ఏం చేయాలి?

గుంటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. 8×4 అడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు సైజు) ఓవల్ వేసుకున్నారు. వంపుల రేడియస్ 22 అంగుళాలు, కంట్రోలర్ మామూలు 12 వోల్టుల డీసీది. ఒకే లైన్ మీద రెండు బండ్లు తిరగాలి. వెనక బండి ముందు బండికి దగ్గరైతే దానంతట అదే నెమ్మదించి ఆగాలి, దారి ఖాళీ కాగానే మళ్లీ కదలాలి. ఇంజన్ ముందు అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో దూరం కొలిచే) సెన్సర్, లోపల ఆర్డుయినో (ప్రోగ్రాం రాసుకునే చిన్న కంట్రోలర్ బోర్డు) పెడదామని వారి ఆలోచన. "రైళ్లు గుద్దుకోకుండా ఆపే మన రైల్వే కవచ్ లాంటిది రెడీమేడ్‌గా దొరుకుతుందా? తర్వాత మూడో బండి కూడా పెట్టొచ్చా?" అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఇంజన్‌కి కళ్లు పెట్టకండి. ట్రాక్‌ని బ్లాకులుగా విడగొట్టి, ఏ బ్లాకులో బండి ఉందో ట్రాక్ చేతే చెప్పించండి. ముందున్న రెండు బ్లాకులు ఖాళీగా ఉంటే పూర్తి వేగం, ఒక్కటే ఖాళీ అయితే తగ్గింపు వేగం (ఎల్లో), వెంటనే ముందున్నది ఖాళీ లేకపోతే ఆగడం. మీ ఓవల్‌కి ఆరు బ్లాకులు, ఒక ఆర్డుయినో మెగా, బ్లాకుకి ఒక మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్), కొన్ని డయోడ్లు, ఆప్టోకప్లర్లు (కరెంటు ఉంటే లోపలి దీపం వెలిగి సంకేతం ఇచ్చే చిప్పులు), ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు చాలు. ఇంజన్లను విప్పాల్సిన పనే లేదు. పెట్టి మర్చిపోయే రెడీమేడ్ డబ్బా డీసీకి నేనైతే చూడలేదు. డీసీసీకి, అంటే పట్టాల ద్వారా ఇంజన్‌కి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతికి మారితే, దానికి దగ్గరగా వచ్చేవి ఉన్నాయి, కింద చెబుతాను.

నేను విజయవాడ డివిజన్‌లో సిగ్నల్ అండ్ టెలికాంలో పని చేసి రిటైర్ అయినవాణ్ణి. ఇప్పుడు మేడ మీద గదిలో బుల్లి రైళ్లు నడుపుకుంటూ, అడిగినవాళ్ల లేఅవుట్లకు వైరింగ్ చేసి పెడుతుంటాను. కాబట్టి కింద రాసేదంతా కాస్త సిగ్నల్ వాడి చాదస్తంతో ఉంటుంది, ఓర్చుకోండి.

ఇంజన్ మీద సెన్సర్ ఎందుకు వద్దంటున్నాను

మొదటి సంగతి, అది పట్టదు. మార్కెట్లో దొరికే హెచ్‌సీ-ఎస్‌ఆర్ 04 అల్ట్రాసోనిక్ మాడ్యూల్ వెడల్పు 4.5 సెం.మీ. మన ఇంజన్ హెచ్‌ఓలో మూడున్నర సెం.మీ. వెడల్పు ఉంటుంది. దాన్ని ముక్కు మీద బిగిస్తే ప్లాట్‌ఫారం అంచులకు కొట్టుకుంటుంది.

చిన్నదైన లేజర్ సెన్సర్ వీఎల్ 53 ఎల్ 0 ఎక్స్ పెట్టినా అసలు చిక్కు వంపు దగ్గరుంది. మీ 22 అంగుళాల వంపులో ముందు బండి పట్టా వెంట 60 సెం.మీ. దూరంలో ఉందనుకోండి. ఇంజన్ ముక్కు చూసే దిక్కు నుంచి ఆ బండి దాదాపు 31 డిగ్రీలు పక్కకు ఉంటుంది. ఆ సెన్సర్ చూపు మొత్తం 25 డిగ్రీలు, అంటే ఒక్కో పక్కకి పన్నెండున్నర. ముందు బండి దానికి కనబడనే కనబడదు, కనబడేది గోడ. మీ ఓవల్‌లో సగానికి పైగా వంపే. పక్క లైన్ వేస్తే అందులో నిలబడ్డ బండిని చూసి మెయిన్ లైన్ బండి బ్రేక్ వేస్తుంది.

అసలు రైల్వేలో కూడా ఈ పని కంటిచూపుతో జరగదు. కవచ్‌లో స్లీపర్ల మీద బిగించిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులను ఇంజన్ చదువుకుంటూ తాను ఎక్కడుందో తెలుసుకుంటుంది. ఆ సంగతిని రేడియోలో స్టేషన్ యూనిట్‌కి చెబుతుంది. ఎంత దూరం వెళ్లే అనుమతి ఉందో దాన్ని బట్టి బ్రేకింగ్ లెక్క వేసుకుంటుంది. లోకో పైలట్ బ్రేక్ వేయకపోతే తానే వేస్తుంది. 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంజన్‌లో ఉండగా చేసిన పరీక్షలో, ఎదురుగా ఉన్న ఇంజన్‌కి 380 మీటర్ల దూరంలో బండి ఆగింది. దాన్ని 87తో భాగిస్తే హెచ్‌ఓలో 4.4 మీటర్లు. మీ ఓవల్ మొత్తం చుట్టుకొలత ఆరు మీటర్లకు కాస్త తక్కువ. కాబట్టి కవచ్ నుంచి మనం తీసుకోవాల్సింది దూరాలను కాదు, పద్ధతిని: బండి ఎక్కడుందో నేల చెబుతుంది, ఎంతవరకు వెళ్లొచ్చో ఒక లెక్క చెబుతుంది, బ్రేక్ ఆ లెక్కను పాటిస్తుంది.

ఎన్ని బ్లాకులు?

బండ్ల కంటే ఒక్క బ్లాకు ఎక్కువ ఉంటే చాలని కొందరు చెబుతారు. కదలడానికి చాలు, చూడటానికి బాగుండదు. మూడు బ్లాకుల్లో రెండు బండ్లు పెడితే ఒకటి కదిలేదాకా రెండోది నిలబడి ఉంటుంది. నాలుగు పెట్టి బండ్లు ఎదురెదురు మూలల్లో ఉంటే, ప్రతి బండికీ ముందు ఒక్క బ్లాకే ఖాళీ. రెండూ ఎప్పుడూ ఎల్లో సిగ్నల్ కిందే ఈడుస్తుంటాయి. ఆరు పెడితే బండి తానున్నది ఒకటి, ముందు ఖాళీ రెండు, అలా రెండు బండ్లకూ లెక్క సరిపోతుంది. గ్యాప్ (రెండు బ్లాకుల మధ్య పట్టా కోసిన చోటు) దాటేటప్పుడు బండి రెండు బ్లాకుల్నీ పట్టుకుంటుంది కాబట్టి అప్పుడప్పుడు ఎల్లో పడుతుంది, అంతే. నిజానికి ఆ అప్పుడప్పుడు పడే ఎల్లోనే చూడముచ్చటగా ఉంటుంది.

ఆరు అంటే ఒక్కో బ్లాకు సుమారు 99 సెం.మీ. బండి బ్లాకు కంటే పొట్టిగా ఉండి తీరాలి. డబ్ల్యూఏపీ-7 ఇంజన్ హెచ్‌ఓలో 24 సెం.మీ. లోపు, ఎల్‌హెచ్‌బీ కోచ్ సుమారు 27. ఇంజన్, రెండు కోచ్‌లు, కప్లింగులు కలిపి 80 దాకా వస్తుంది. మూడో కోచ్ తగిలిస్తే బ్లాకు దాటిపోతుంది. రెండు కోచ్‌ల ఎక్స్‌ప్రెస్ ఏమిటని ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. మూడు కోచ్‌లు కావాల్సిందే అంటే ఐదు బ్లాకులు చేసుకుని, ఎల్లో ఎక్కువ పడుతుందని ఒప్పుకోవాలి.

మన ఆటోమేటిక్ సిగ్నలింగ్‌లో ఎర్ర సిగ్నల్ దాటాక కూడా 120 మీటర్ల ఓవర్‌ల్యాప్ ఖాళీగా ఉంచుతారు. హెచ్‌ఓలో అది దాదాపు 1.4 మీటర్లు, మీకు ఒక బ్లాకు కంటే ఎక్కువ. అంత ఇవ్వలేం. అందుకే ఆగే చోటును గ్యాప్‌కి 10 సెం.మీ. ముందే పెట్టమంటాను. మీ లెక్కలో ఇంజన్ ముక్కు బ్లాకు మొదలు నుంచి 89 సెం.మీ. దగ్గర ఆగితే తోక 9 దగ్గర ఉంటుంది, అంటే వెనక గ్యాప్‌ని వదిలేసి లోపలికి వచ్చేసినట్టు. ఆ 9 సెం.మీ. చాలా విలువైనవి. అవి లేకపోతే వెనక బ్లాకు ఎప్పటికీ ఖాళీ కాదు, వెనక బండి అక్కడే ఉండిపోతుంది.

అసలు కిటుకు: ఖాళీ అని రుజువయ్యేదాకా ఖాళీ కాదు

ఈ సమాధానంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

రైల్వే ట్రాక్ సర్క్యూట్‌లో, లైన్ ఖాళీగా ఉన్నప్పుడు పట్టాల గుండా కరెంటు వెళ్లి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పికప్ అయి, అంటే లాగి పట్టుకుని ఉంటుంది. బండి వస్తే చక్రాలు రెండు పట్టాలనూ షార్ట్ చేస్తాయి, రిలే డ్రాప్ అవుతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. తీగ తెగినా, బ్యాటరీ పోయినా, పట్టా విరిగినా అదే డ్రాప్, అదే ఎరుపు. చెడిపోతే బండి ఆగుతుందే తప్ప దూసుకుపోదు.

మోడల్ రైళ్లలో అందరూ పెట్టే కరెంట్ డిటెక్టర్ దీనికి తలకిందులు. ఇంజన్ కరెంటు లాగితే "బండి ఉంది", లాగకపోతే "ఖాళీ". చక్రాల మీద మురికి పట్టి కాంటాక్ట్ పోయినా ఖాళీ. డిటెక్టర్ తీగ ఊడినా ఖాళీ. అంటే చెడిపోయిన ప్రతిసారీ వెనక బండికి పచ్చ సిగ్నల్ ఇస్తుంది. గుంటూరులోనే ఒకరి లేఅవుట్‌లో కప్లింగ్ ఊడి చివరి కోచ్ వంపులో ఉండిపోయింది. ఆ కోచ్ చక్రాలు కరెంటు లాగేవి కావు. డిటెక్టర్ దృష్టిలో బ్లాకు ఖాళీ. రెండో బండి పూర్తి వేగంతో వచ్చి దాన్ని బల్ల మీంచి కింద పడేసింది. సెన్సర్ తన పని తాను సరిగ్గానే చేసింది. తప్పు దాని మాటను గుడ్డిగా నమ్మిన ప్రోగ్రాంది.

కాబట్టి ప్రోగ్రాంలో "కరెంటు లేదు కాబట్టి ఖాళీ" అని ఎప్పుడూ రాయకండి. ఒక బ్లాకును విడుదల చేయాలంటే మూడూ జరగాలి: ముందు బ్లాకులో బండి చేరినట్టు తెలియాలి, గ్యాప్ దాటిన వెంటనే పెట్టిన ఇన్‌ఫ్రారెడ్ కిరణం ఒకసారి తెగి, తర్వాత వరుసగా రెండు సెకన్లు తెరిచి ఉండాలి, అంటే తోక దాటినట్టు, పాత బ్లాకులో కరెంటు ఆగిపోవాలి. రెండు సెకన్లు ఎందుకంటే, కోచ్‌ల మధ్య సందులో కూడా కిరణం ఒక్క క్షణం తెరుచుకుంటుంది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ బ్లాకు నిండినట్టే లెక్క. వెనక బ్లాకు నుంచి రాకుండా ఏ బ్లాకులోనైనా హఠాత్తుగా "బండి" పుట్టుకొస్తే మొత్తం లేఅవుట్ ఆపేసి బజర్ మోగించండి. మీ చేత్తో రీసెట్ చేస్తేనే మళ్లీ కదలాలి. విసుగ్గా ఉంటుంది, కానీ బండ్లు గుద్దుకోవు.

చివరి కోచ్‌కి రెసిస్టర్ చక్రాలు పెట్టండి. ఇరుసు మీద ఇన్సులేషన్ ఉన్న వైపు 10 కిలోఓంల చిన్న రెసిస్టర్ అతికించి, దాని ఒక చివరను ఇరుసుకీ, ఇంకో చివరను ఆ వైపు చక్రానికీ కండక్టివ్ పెయింట్‌తో కలిపితే సరి. మీ ఆప్టో అంత తక్కువ కరెంటును పట్టకపోతే 4.7 కిలోఓంలు వేయండి. అప్పుడు కోచ్ ఊడిపోయినా డిటెక్టర్‌కి కనబడుతుంది.

వైరింగ్, డీసీలోనే ఉండిపోతే

ఒక పట్టాను కోయకుండా మొత్తం కామన్‌గా ఉంచండి. రెండో పట్టాను ఆరు చోట్ల కోసి ఆరు ముక్కలు చేయండి. ప్రతి ముక్కకూ 12 వోల్టుల ప్లస్ నుంచి ఒక పీ-ఛానల్ మాస్‌ఫెట్ ద్వారా పల్సుల రూపంలో కరెంటు, అంటే పీడబ్ల్యూఎం.

బ్లాకుకో హెచ్-బ్రిడ్జ్ మాడ్యూల్ (మోటార్‌ని రెండు దిక్కులా నడిపే సర్క్యూట్) కొనేసి పెట్టేవాళ్లున్నారు. ఇంజన్ గ్యాప్ మీద ఉన్నప్పుడు చక్రాలు రెండు బ్లాకుల్నీ కలిపేస్తాయి. ఒక బ్రిడ్జ్ ప్లస్ ఇస్తున్న క్షణంలో పక్క బ్రిడ్జ్ బ్రేక్ మోడ్‌లో ఆ తీగను మైనస్‌కి లాగుతుంటే, నేరుగా షార్ట్. మాస్‌ఫెట్ పద్ధతిలో ప్రతి బ్లాకుకీ రెండే స్థితులు, ప్లస్ ఇవ్వడం లేదా వదిలేయడం. రెండు కలిసినా షార్ట్ కాదు, ఇంజన్‌కి వేగం కాస్త పెరుగుతుంది, అంతే. ఆ చిన్న కుదుపు కూడా వద్దంటే, బండి ప్రవేశించబోయే బ్లాకుకి ముందుగానే ఆ బండి వేగాన్నే ఇవ్వాలి. వేగం బ్లాకుది కాదు, బండిది. బండితో పాటు బ్లాకు నుంచి బ్లాకుకి నడవాలి. ప్రోగ్రాంని అలా రాసుకోండి.

ఈ పద్ధతిలో ఆటోమేటిక్ మోడ్‌లో బండ్లు ఒకే దిశలో నడుస్తాయి. అప్ లైన్ అప్ లైనే అనుకోండి. వెనక్కి నడపాలనుకున్నప్పుడు ఆటోమేటిక్‌ని ఆపి, ఒక చేంజోవర్ స్విచ్‌తో మీ పాత కంట్రోలర్‌ని మొత్తం ట్రాక్‌కి ఇచ్చుకోండి.

డిటెక్టర్ కోసం ప్రతి ఫీడ్‌లో రెండు పవర్ డయోడ్లు వరుసగా పెట్టండి. వాటి మీద పడే 1.4 వోల్టులతో, చిన్న రెసిస్టర్ ద్వారా పీసీ 817 ఆప్టోకప్లర్ వెలుగుతుంది. పల్సుల వల్ల ఆప్టో కూడా మిణుకుమంటుంది కాబట్టి అవుట్‌పుట్ దగ్గర ఒక కెపాసిటర్ వేయండి. ఆగి ఉన్న బండి కరెంటు లాగదు, మరి అది ఉందని ఎలా తెలుస్తుంది? మాస్‌ఫెట్‌కి పక్కగా ఒక 2.2 కిలోఓంల రెసిస్టర్ వేయండి. దాని గుండా వెళ్లే కొద్ది మిల్లీఆంపియర్లకు మోటార్ కదలదు, ఆప్టో మాత్రం చూస్తుంది. డిటెక్టర్ తర్వాత, ట్రాక్ వైపు, ప్రతి బ్లాకుకీ ఫ్రీవీలింగ్ డయోడ్ (మోటార్ నుంచి వచ్చే ఎదురు వోల్టేజ్‌ని మింగేది), ఒక ఆంపియర్ పాలీఫ్యూజ్ (తానే మళ్లీ కోలుకునే ఫ్యూజ్) మర్చిపోకండి.

ఆర్డుయినో నానోలో పీడబ్ల్యూఎం పిన్లు ఆరు ఉంటాయి, చూడటానికి సరిపోయినట్టే. సెన్సర్లు అన్నీ కలిపేసరికి పిన్లు చాలవు. మెగా తీసుకోండి.

ఆర్డుయినో హ్యాంగ్ అయితే? పిన్ ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది, బండి దూసుకుపోతుంది. అందుకే వాచ్‌డాగ్ టైమర్ (ప్రోగ్రాం నిలిచిపోతే బోర్డును రీసెట్ చేసేది) ఆన్ చేయాలి. మాస్‌ఫెట్‌ని నడిపే ట్రాన్సిస్టర్ బేస్‌కి పుల్-డౌన్ రెసిస్టర్ (సంకేతం లేనప్పుడు దాన్ని ఆఫ్‌లో ఉంచేది) ఉండాలి. అప్పుడు బోర్డు రీసెట్ అవుతున్నా, పిన్ గాల్లో ఉన్నా ట్రాక్ ఆఫ్‌లోనే ఉంటుంది. మా ఇళ్లలో కరెంటు పోయి వచ్చే తీరుకి ఇది తప్పనిసరి. పవర్ వచ్చాక ఏ బండి ఎక్కడుందో ప్రోగ్రాంకి గుర్తుండదు కాబట్టి, అన్నీ ఆగి ఉన్న స్థితిలో మొదలై మిమ్మల్ని అడగాలి.

ఇంకో హెచ్చరిక: డీసీసీ డీకోడర్ (ఆదేశాలు అందుకునే చిన్న బోర్డు) ఉన్న ఇంజన్‌ని ఈ పల్సుల ట్రాక్ మీద పెట్టకండి. డీకోడర్ అయోమయంలో పడుతుంది, పాడైపోనూ వచ్చు.

నెమ్మదించడం

బుల్లి ఇంజన్లలో వర్మ్ గేర్ ఉంటుంది. కరెంటు తీసేస్తే జారుకుంటూ పోదు, అక్కడికక్కడే నిలబడిపోతుంది. వెనక కోచ్‌లు ఒకదాన్నొకటి తోసుకుని పట్టాలు తప్పే ప్రమాదం. కాబట్టి బ్రేకింగ్‌ని ప్రోగ్రామే నటించాలి.

మీ కొలతలకు ఒక లెక్క ఇస్తాను. పూర్తి వేగం సెకనుకి 30 సెం.మీ. పెట్టుకోండి. స్కేల్‌లో అది గంటకు సుమారు 94 కిలోమీటర్లు, చూడటానికి ఎక్స్‌ప్రెస్ లాగానే ఉంటుంది. ఎల్లో బ్లాకులోకి ప్రవేశించాక మొదటి 55 సెం.మీ.లో వేగాన్ని 12కి దించండి. అంటే సెకనుకి సుమారు 7 చొప్పున తగ్గిస్తూ, రెండున్నర సెకన్ల పైచిలుకు. ఆ తర్వాత 12 మీదే పాకుతూ వెళ్లాలి. గ్యాప్‌కి 20 సెం.మీ. ముందు, స్లీపర్ల మధ్య ఒక టీసీఆర్‌టీ 5000 ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పెట్టండి. ముక్కు అక్కడికి రాగానే, ముందు బ్లాకు ఇంకా నిండి ఉంటే, అదే 7 చొప్పున తగ్గిస్తే సుమారు 10 సెం.మీ.లో బండి ఆగుతుంది. ముందు బ్లాకు ఈలోపు ఖాళీ అయితే ఆగకుండానే వేగం అందుకోవచ్చు. అన్నిటికంటే అందంగా ఉండేది అదే.

సెన్సర్ పట్టకపోతే? 12 వేగంతో ఎన్ని సెకన్లలో అక్కడికి చేరాలో మీకు తెలుసు. ఆ సమయం దాటాక కూడా సెన్సర్ మాట్లాడకపోతే ఆపేయాలి. పైన చెప్పిన సూత్రమే.

పల్సు శాతాన్ని సున్నా దాకా మెల్లగా దించుతూ పోకండి. ప్రతి ఇంజన్‌కీ కదలడం మానేసే ఒక శాతం ఉంటుంది. దాని దగ్గరే పల్సులు పూర్తిగా ఆపేయాలి, లేకపోతే ఆగిన తర్వాత కూడా మోటార్ గుయ్‌మంటుంది. రెండు ఇంజన్లకు ఒకే శాతం ఇస్తే ఒకే వేగం వస్తుందనీ అనుకోకండి. 50 సెం.మీ. దూరంలో రెండు సెన్సర్లు పెట్టి, ప్రతి ఇంజన్‌కీ విడివిడిగా ఏ శాతానికి ఎంత వేగమో పట్టిక రాసుకోండి. ఇంజన్ వేడెక్కాక వేగం మారుతుంది కాబట్టి, కొంతసేపు నడిపాకే కొలవండి.

డీసీసీకి మారాలా?

రెండు బండ్ల ఓవల్ కోసమే అయితే అక్కర్లేదు. ముందు ముందు యార్డు, లూపులు, లైట్లు, హారన్లు అన్నీ కావాలనుకుంటే మారడమే మేలు. డీసీసీలో ట్రాక్ మీద పూర్తి వోల్టేజ్ ఎప్పుడూ ఉంటుంది, ఆదేశాలు డీకోడర్‌కి వెళ్తాయి. నెమ్మదించడం డీకోడరే చూసుకుంటుంది. దాని సెట్టింగులను సీవీలంటారు: సీవీ 3లో వేగం పెరిగే తీరు, సీవీ 4లో తగ్గే తీరు.

దీనిలో నాకు బాగా నచ్చినది లెంజ్ కంపెనీ తెచ్చిన ఏబీసీ పద్ధతి. బ్లాకు ఫీడ్‌లో ఒక దిక్కుకి నాలుగైదు డయోడ్లు వరుసగా, ఎదురు దిక్కుకి ఒకటి పెడితే, డీసీసీ తరంగంలో రెండు వైపులా వోల్టేజ్ కాస్త తేడాగా వస్తుంది. ఆ తేడా చూసి డీకోడర్ తానే బ్రేక్ వేసి ఆగుతుంది. సీవీ 27లో దాన్ని ఆన్ చేసుకోవాలి. ముందు బ్లాకు ఖాళీ అయితే ఒక రిలే ఆ డయోడ్లను బైపాస్ చేస్తుంది. రిలే చెడి వదిలేస్తే డయోడ్లే మిగులుతాయి, బండి ఆగుతుంది. కంప్యూటర్ లేదు, అడ్రసులతో పని లేదు. రెడీమేడ్ అని మీరు అడిగారు కదా, లెంజ్ బ్రేక్ మాడ్యూళ్లు ఈ పనికే ఉన్నాయి. కొనే డీకోడర్ ఏబీసీని అర్థం చేసుకుంటుందో లేదో మాత్రం ముందే చూసుకోండి. లెంజ్, జీమో, ఈఎస్‌యూ డీకోడర్లలో ఉంటుంది, చవక రకాల్లో చాలావాటికి ఉండదు.

డీసీసీ-ఈఎక్స్, జేఎంఆర్‌ఐ అనే సాఫ్ట్‌వేర్లు కలిపి కంప్యూటర్ చేత మొత్తం నడిపించేవాళ్లూ ఉన్నారు. రెండూ ఉచితమే, బాగా పనిచేస్తాయి. ఒక్కటే గుర్తుంచుకోండి: మధ్యలో కంప్యూటర్ నిలిచిపోతే డీకోడర్ చివరిగా విన్న వేగంతోనే పోతూ ఉంటుంది. కాబట్టి దానితో పాటు ఏబీసీ డయోడ్లో, ట్రాక్ పవర్ తీసేసే రిలేనో రెండో రక్షణగా ఉండాలి.

మన ఊళ్లకు ప్రత్యేకమైనవి రెండు మూడు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, పట్టాల గ్యాపులు మాత్రం మూసుకుపోతాయి. రేకుల కిందో, మేడ మీదో గది అయితే మరీను. పట్టా వ్యాకోచించి రెండు బ్లాకులు కలిసిపోతే ప్రోగ్రాంకి పిచ్చెక్కుతుంది. గ్యాప్ కోసి వదిలేయకండి. ప్లాస్టిక్ జాయినర్ వాడండి, లేదా గ్యాప్‌లో చిన్న ప్లాస్టిక్ ముక్క దూర్చి జిగురు పెట్టి పట్టా ఆకారానికి అరగదీయండి. రైల్వేలో గ్లూడ్ జాయింట్ అన్నది ఇందుకే.

విజయవాడ పటమటలో ఒక మిత్రుడి గదికి పడమటి కిటికీ ఉంది. సాయంత్రం ఎండ నేరుగా పట్టాల మీద పడే వేళకి ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లన్నీ గుడ్డివైపోయేవి. పగలంతా బాగా నడిచే లేఅవుట్ సరిగ్గా పిల్లలు బడి నుంచి వచ్చే టైముకి మొరాయించేది. మందపాటి కర్టెన్ వేయడంతో సగం పోయింది, సెన్సర్‌కి నల్లటి గొట్టం తొడగడంతో మిగతాది పోయింది.

దుమ్ము సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇత్తడి పట్టాలైతే నికెల్ సిల్వర్‌కి మార్చండి, ఇత్తడి మీద పట్టే తుప్పు కరెంటుని ఆపేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, గరుకు కాగితంతో రుద్దకండి. గీతలు పడ్డ పట్టా ఇంకా త్వరగా మురికి పడుతుంది.

మూడో బండి

ఆరు బ్లాకుల్లో మూడు బండ్లు పెట్టొచ్చు, గుద్దుకోవు. కాకపోతే ప్రతి బండికీ ముందు ఒక్క బ్లాకే మిగులుతుంది. మూడూ ఎల్లోలోనే తిరుగుతుంటాయి, గ్యాపులు దాటే వేళ ఆగి ఆగి కదులుతాయి. దానికంటే సరళరేఖ ఉన్న వైపు ఒక లూప్ లైన్ వేసి మూడో బండిని అక్కడ నిలబెట్టండి. ఒకటి లోపలికి వస్తే ఇంకొకటి బయటికి వెళ్లేలా మార్చుకుంటూ నడపండి. లూప్ కూడా ఒక బ్లాకే. దానికీ సొంత డిటెక్టర్, సొంత మాస్‌ఫెట్ కావాలి, పొడవు కూడా బండికి సరిపోవాలి. పాయింట్ (బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మళ్లించే చోటు) మోటార్‌కి ఆదేశం ఇచ్చినంత మాత్రాన అది తిరిగిందని నమ్మకండి. పాయింట్ కదిలాక నొక్కుకునే ఒక చిన్న మైక్రోస్విచ్ పెట్టి, అది "సెట్ అయింది" అని చెప్పాకే ఆ బ్లాకు మాస్‌ఫెట్‌కి కరెంటు వదలండి.